పెద్దవాడవు గదా!

2024వ సంవత్సరము శ్రావణమాసములో నొకనాటి మధ్యాహ్నము ఉతుకవలసిన బట్టలు వేఱుచేయుచుండగా మా పెద్దవాని చొక్కాజేబులో నాలుగు మడతలు పెట్టిన కాగిత మొకటి నా చేతికి తగిలెను. పిల్లల జేబులలో కాగితములు దొరకుట వింత గాదు. గాలిపటపు తోక యనుకొని పాఱవేయబోయి, యెందుకో విప్పి చూచితిని. అది నవోదయ విద్యాలయ ప్రవేశపరీక్షకు దరఖాస్తుతో జతచేయవలసిన ధ్రువపత్రము. పేరు, తరగతి, పుట్టిన తేది యన్నియు వాని గుండ్రని యక్షరములతో నింపబడి యున్నవి. విద్యార్థి సంతకము చేయవలసిన చోట తన పేరు రెండుమాఱులు దిద్ది వ్రాసికొనినాడు. తల్లిదండ్రుల సంతకపు చోటు మాత్రము ఖాళీగా నున్నది.

నవోదయ విద్యాలయ మన నేమో సోదరీమణులలో గొందఱకు తెలియకపోవచ్చును. 1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి కేంద్రప్రభుత్వమువారు జిల్లాలలో నెలకొల్పిన బడు లివి. పిల్లలు అచ్చటనే యుండి ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు చదువుకొందురు. తిండికి, బసకు, పుస్తకములకు వ్యయము లేదు. సీట్లలో నాల్గింట మూడు వంతులకు తక్కువ గాకుండ పల్లెటూళ్ళ పిల్లలకే యిత్తురు. అయిదవ తరగతి చదువుచున్న పిల్లలు పరీక్ష వ్రాయవలెను: రెండు గంటల కాలము, ఎనుబది ప్రశ్నలు, నూఱు మార్కులు. ఒక పిల్లవాడు జన్మమున కొక్కమాఱే యీ పరీక్షకు కూర్చుండవచ్చును. మాది సామర్లకోట కాలువ గట్టుమీది యూరు గనుక, మా కీ విద్యాలయము పెద్దాపురమున నున్నది. బస్సులో గంట ప్రయాణ మనిన దూరము గాదు. కాని యందు చేరిన పిల్లవాడు సెలవులకు దప్ప యింటికి రాడు.

వానికి పదియేండ్లు. మేనమామ యింటికి పంపిన రెండవ రాత్రియే అమ్మ కావలె నని యేడ్చినవాడు. వాడు నాతో నొక్కమాటయైన ననక యిల్లు విడిచిపోవు దారి వెదకికొనుచున్నాడు!

మా వారు బడినుండి రాగానే కాగితము చూపితిని. వారు సంతోషించిరి. “క్లాసు మాస్టారు తెలివిగల పిల్లల కందఱకు నిచ్చియుందురు. వ్రాయనిమ్ము, మంచిదే గదా” అనిరి. ఉపాధ్యాయుల కీ విషయమున నొక్కటే చూపు. పరీక్ష యన్నది యెక్కడనున్నను వ్రాయవలసినదే. నా మనస్సు మాత్రము కుదుటపడలేదు. రాత్రి పిల్లలు పండుకొనిన తరువాత పెద్దవాని ప్రక్కన గూర్చుండి, “ఎందుకు నాయనా, అక్కడికి పోవలె నని నీకు బుద్ధి పుట్టినది?” అని యడిగితిని. వాడు బదులు చెప్పక గోడవైపు తిరిగెను. నిద్రలోనున్న చిన్నవాని కాలు వాని పొట్టపై బడి యుండెను. వాడు చూడకయే ఆ కాలిని చేత నెత్తి మెల్లగా ప్రక్కకు దించెను. ఎన్ని రాత్రులుగా దించుచున్నాడో, ఆ దించుటలో విసుగైనను లేదు. నేను చాలసే పచ్చటనే కూర్చుంటిని.

మా చిన్నవాడు వానికంటె మూడేండ్లు చిన్న. చూచుటకు ముచ్చటగా నుండును. నవ్విన బుగ్గను సొట్ట పడును. వానియందు మా మామగారి పోలిక గల దని మా యత్తగా రందురు. కావున వానిపై చేయి చేసికొనుట కీ యింట నెవ్వరికిని అధికారము లేదు. వాడు దుష్టుడు గాడు. వానికి లోకములోని ప్రతి వస్తువును పరీక్షించి చూడవలె నని యుండును. ఆ వస్తువు లెప్పుడును అన్నగారివే యగుట మాత్రము వాని దోషమో, అన్నగారి దురదృష్టమో!

ఉదయమున పెద్దవాడు పండ్లు తోముకొనుటకు పోవుసరికి వాని బ్రష్షుతో చిన్నవాడు సైకిలు గొలుసు తోముచుండును. భోజనమునకు కూర్చుండిన ఆవకాయలో టెంకముక్క యొక్కటియే వచ్చినచో నది చిన్నవానిది. రెండు వచ్చినచో పెద్దటెంక చిన్నవానిది. మీగడ మాట చెప్పనవసరము లేదు. బడికి పోవునపుడు పెద్దవాడు సైకిలు త్రొక్కవలెను, చిన్నవాడు వెనుక కూర్చుండవలెను. ఉత్తినే కూర్చుండునా? వెనుకకు తిరిగి కూర్చుండి కుక్కలను కవ్వించును. ఒకనాడు కాలువ వంతెన దగ్గఱ దిగి, తన చెప్పు నీటిపై నీదునో యీదదో పరీక్షించెను. అది యీదినది; సామర్లకోట వైపు చక్కగా పోయినది. పెద్దవాడు తన చెప్పులు తమ్మున కిచ్చి, తాను వట్టికాళ్ళతో సైకిలు త్రొక్కి బడికి పోయినాడు. సాయంకాల మింటికి వచ్చిన తరువాత, “నీవు చూచుకొనవద్దా? పెద్దవాడవు గదా!” యని యన్నది నేనే.

బడిలో తమ్ముడు పలక పగులగొట్టినను, తోడిపిల్లను గిల్లినను, చెట్టెక్కి దిగ రాక యేడ్చినను అయిదవ తరగతికే కబురు. లెక్క మధ్యలో లేచిపోయి తమ్ముని చెట్టు దింపి రావలెను. పొఱుగింటి పిన్నిగారి దూడను పాలు పిదుకుటకు ముందే వాడు విప్పివైచి, అది కడుపార త్రాగుచుండ చప్పట్లు చఱచెను. ఆ పిన్నిగారు వచ్చి నిలదీసినది నన్ను గాదు, వానిని గాదు, అఱుగుమీద వ్రాసికొనుచున్న పెద్దవానిని. చీకటి పడిన తరువాత పెద్దవాడు పదుమూడవ యెక్కము వల్లించుచుండగా చిన్నవాడు ప్రక్కన గూర్చుండి గొంతెత్తి తప్పుటెక్కములు చదువును. వాని లెక్కలో పదుమూడైదులు నూటయిరువది. పెద్దవాడు చెవులు మూసికొని చదువును, అది చూచి నేను, “ఎందు కా నటన?” యని కోపపడిన దినములు కలవు.

ఇద్దఱు కొట్టుకొను చప్పుడు వినబడగానే నేను వంటయింటినుండియే తీర్పు చెప్పెడిదానను. లేచి పోయి వారి ముఖములు చూడవలసిన పనియే లేదు. “ఒరే పెద్దాడా, వానికిచ్చి వేయుము. పెద్దవాడవు గదా!” అంతటితో చప్పు డణగిపోవును. నాకు పోపు మాడదు. ఈ తీర్పు వలన నింత సౌకర్య మున్నందుననే కాబోలు, దినమునకు నాలుగైదుమాఱులైన నిచ్చుచుంటిని.

ఇక సెల్‌ఫోను కథ చెప్పవలెను. ఆ యేడు జ్యేష్ఠమాసమున నా ఫోను నీళ్ళబిందె యడుగున దొరకెను. అంతకు ముందు దానిని చేత బట్టినది పెద్దవాడు. బడివా రంపిన పాఠము చూచికొనుటకు నేనే యిచ్చితిని. అడుగలేదు, ఆలోచింపలేదు, వాని చెంపమీద కొట్టితిని. వాడు చెంప పట్టుకొని నిలుచుండెను గాని నోరు విప్పలేదు. పెరుగుచున్నకొలది వీనికి బుద్ధి మందగించుచున్న దని మా యత్తగా రొకమాట కలిపిరి. ఫోనును నాలుగు దినములు బియ్యపు డబ్బాలో పెట్టితిమి; బాగుచేయువాడు పెదవి విఱిచెను. అయిదవనాడు చిన్నవాడు నా ఒడిలో చేరి, “అమ్మా, ఫోను ఒళ్ళు కాలిపోవుచుండినది. జ్వరము వచ్చినదనుకొని తడిగుడ్డ వేసినాను. తగ్గలేదు. అందుకని బిందెలో పండుకోబెట్టినాను” అని చెప్పెను.

మేమందఱము పొట్ట చెక్కలగునట్లు నవ్వితిమి. మా యత్తగారు వాని బుగ్గలు పుణికి దిష్టి తీసిరి. ఆ కథ నేను మా పుట్టింటివారికి, మేనత్తలకు, పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు నెన్నిమాఱులు చెప్పితినో! చెప్పిన ప్రతిమాఱును జ్వరము, తడిగుడ్డ, బిందె యన్నియు వచ్చెడివి. పెద్దవాడు తిన్న చెంపదెబ్బ యా కథలో నెక్కడను రాలేదు.

కాగితము దొరకిన రాత్రి నిద్ర పట్టక, యీ దెబ్బ జ్ఞప్తికి వచ్చి, దానివెంట మఱియొక కథ జ్ఞప్తికి వచ్చినది. కృష్ణుడు మన్ను తిన్న కథ యెఱుగని తెలుగు తల్లి యుండదు. పోతనగారి భాగవతమున దశమస్కంధములోని ఆ ఘట్టము చదువని యిల్లు నా చిన్ననాట మా యూర లేదు. యశోద కొడుకు నోట బ్రహ్మాండము నంతయు చూచి నివ్వెఱపోయినది. కాని యామెతో వీడు మన్ను తిన్నాడని చెప్పిన దెవరు? బలరాముడును, వానితోడి గోపబాలురును. అన్నయు చెప్పుచున్నాడు గదా యని యామెయే తమ్ముని గద్దించినది. ఆ వెనుక నోరు తెఱచుట, లోకములు కనబడుట, తల్లి మైమఱచుట జరిగినవి. బలరాము డేమైనాడు? చెప్పినమాట నిజ మని వాని నెవరైన మెచ్చుకొనిరా? అబద్ధ మని తమ్ముడు త్రోసివేసినందుకు వాని మనస్సెట్లుండెను? ఇన్నేండ్లు ఆ ఘట్టమును చదివి కన్నీరు పెట్టుకొనిన నేను ఆ యన్నవైపు తలయెత్తి చూడనే లేదు. భక్తులైన సోదరీమణులు నన్ను క్షమింతురు గాక. ఆ రాత్రి నాకు బ్రహ్మాండము కనబడలేదు, ఆ మూల నిలుచున్న పెద్దపిల్లవాడే కనబడినాడు.

వాల్మీకి బాలకాండములోని శునశ్శేపుని కథయు నంతే. యాగపశువునకు బదులు కొడుకు నమ్ముమని రాజడిగినప్పుడు జ్యేష్ఠుని నమ్మ నని తండ్రి యనెను, కనిష్ఠుని నమ్మ నని తల్లి యనెను. నడిమివాడు తనంతట తాను బయలుదేఱెను. తల్లులకు కడగొట్టువానిపై నెంత మమకారమో ఋషు లేనాడో కనిపెట్టి వ్రాసియుంచిరి. నేను మాత్రము నా కిద్దఱును సమానమే యని చెప్పికొనుచుంటిని.

ఇక నా సంగతి. మా పుట్టింట కడగొట్టుదానను నేనే. మా నాన్నగారు మా యన్నయ్యకు అమరము చెప్పుచుండగా ప్రక్కన జేరి వినెడిదానను. వాడు తడబడిన చోట నేను టక్కున నందుకొని చెప్పెడిదానను. “చిన్నది చెప్పినది, నీకు రాలేదా?” యని నాన్నగారు వాని చెవి మెలిపెట్టెడివారు. నాకు వచ్చిన యీ నాలుగు ముక్కలును మా యన్నయ్య చెవిమీదుగా వచ్చినవే. మఱునాడు వానికి ఫోను చేసి, “చిన్నప్పుడు నావలన నీకు చాల కష్టమైనదా అన్నయ్యా?” అని యడిగితిని. వాడు పెద్దగా నవ్వెను. తరువాత కొంచెము సే పూరకుండి, “అమరకోశ మనిన నాకిప్పటికిని గిట్టదే” అనెను. వానికి నలుబది రెండేండ్లు. ఆ మాట నా కిన్నాళ్ళు చెప్పలేదు, నేను నడుగలేదు.

ఆ సోమవారము చిన్నవానిని అత్తగారియొద్ద విడిచి, పెద్దవాని నొక్కనిని వెంటబెట్టుకొని సామర్లకోట భీమేశ్వరస్వామివారి యాలయమునకు పోయితిని. పంచారామములలో కుమారారామ మదియే. గర్భాలయము రెండంతస్తులు, క్రింది యంతస్తునుండి లేచిన లింగము పై యంతస్తు వఱకు వచ్చును. మెట్లెక్కి పైన నభిషేకము చూచితిమి. దర్శన మైన పిదప మండపపు స్తంభము నానుకొని కూర్చుండి, కొబ్బరిచిప్ప పగులగొట్టి సగము వాని కిచ్చితిని. వాడు తినలేదు, జేబులో పెట్టుకొనబోయెను. “ఎందుకురా?” యంటిని. “తమ్ము డడుగును గదా” అనెను. “వానికి వేఱుగ నున్నది, నీది నీవు తినుము” అని బలవంతపెట్టిన తరువాత తినెను. అప్పు డడిగితిని: “అక్కడికి పోయిన నీకేమి సుఖము నాయనా?”

వాడు కొంతసేపు కొబ్బరి నమలి, “ఆఱవ తరగతియే అక్కడ అన్నిటికంటె చిన్న తరగతి గదా అమ్మా. పండ్రెండవ తరగతి వఱకు నున్నారు. అక్కడ నేను అందఱికంటె చిన్నవాడను” అనెను.

కోపముతో నన్నమాట గాదు. లెక్క చేసి చూపినట్లు చెప్పెను.

“తమ్ము డనిన నీకు గిట్టదా?” యంటిని. వాడు నావైపు ఆశ్చర్యముగా చూచెను. “వాడా? వాడు చిన్నవాడు గదా, వాని కేమి తెలియును?” అనెను. అక్షరాల నా మాటయే. మఱల కొంచెము సేపైన పిమ్మట తల వంచుకొని, “ఫోను నేను పడవేయలేదని నీకు చెప్పవలె ననుకొన్నాను. నీవు అడుగలేదు” అనెను. అప్పటి కా సంగతి జరిగి రెండు నెలలు దాటినది.

నేను వానితో నేమంటినో నాకు సరిగా జ్ఞాపకము లేదు. కొంగుతో ముఖము తుడుచుకొంటినని మాత్ర మెఱుగుదును. ఇంటికి వచ్చి ఆ కాగితముమీద సంతకము నేనే చేసితిని.

ఆ రాత్రి యంతయు విని మా వారు, వియన్నా నగరపు వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ గుఱించి చెప్పిరి. 1870లో పుట్టి 1937లో పోయిన యాయన, రెండవ బిడ్డ పుట్టగానే మొదటి బిడ్డ రాజ్యము పోగొట్టుకొనిన రాజువంటివా డగునని వ్రాసెనట. ఆయనకును ఒక యన్నగారుండెనట. అయితే 2015లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశములలోని యిరువదివేలమందికి పైగా జనుల వివరములు పరిశీలించిన పండితులు, జ్యేష్ఠకనిష్ఠభేదమువలన మనుష్యుల స్వభావమున చెప్పుకొనదగిన మార్పు నిలువ దని తేల్చిరట. “కావున నీవు బెంగపడకుము, పెద్దయైన తరువాత నన్నియు సమమగును” అని మా వారి యోదార్పు. పెద్దయైన తరువాత సమమగుటకు సంతోషమే. కాని పదియేండ్లవానికి పెద్దయగుటకు నెన్ని మధ్యాహ్నములు గడువవలెనో వారు లెక్కవేసి చెప్పలేదు.

నేను చేసిన మార్పు లెన్నదగినవి గావు. చప్పుడు వినబడినప్పుడు పొయ్యి కట్టివేసి, చేయి కడుగుకొని, వెళ్ళి యిద్దఱి నెదుట కూర్చుండుట మొదలుపెట్టితిని. మొదటి పక్షములో రెండుమాఱులు కూర చెడినది, ఒకమాఱు పప్పు పొంగి పొయ్యి యాఱినది. బడికి పోయి, చిన్నవాని యల్లరి సంగతులు మాకు చెప్పుడని, అన్నను పాఠము మధ్యలో పిలువవలదని పంతులమ్మగారిని వేడుకొంటిని. ఆమె మంచి మనిషి, వెంటనే యొప్పుకొనినది. పెద్దవానికొక యినుపడబ్బా కొని తాళము వేయించి, తాళపుచెవి వాని మొలత్రాటికి కట్టితిని. అందు నెమలికన్ను, గోళీలు, రంగుపెన్సిళ్ళు, ఎవరో యిచ్చిన విదేశపు నాణెము, ఇవి వాని యాస్తి.

తాళము చూచి మా యత్తగారు నొచ్చుకొనిరి. “అన్నదమ్ముల నడుమ తాళములా అమ్మాయీ?” యనిరి. వారి మాట త్రోసివేయదగినది గాదు. తమ మఱదులు పొలము గట్టు కొఱకు కోర్టు కెక్కి, చావుకైన నొకరింటి కొకరు పోకుండుట వారు కన్నులార చూచినవారు. “అత్తయ్యగారూ, ఆ పెద్దవారికి చిన్నప్పుడు తమదని చెప్పుకొనుట కొక డబ్బా యైన నుండెనో లేదో” అంటిని. వారు బదులు చెప్పలేదు. కాని నాటినుండి మీగడ రెండు గిన్నెలలో వేయించుచున్నారు. గిన్నెలు సమానము గావన్నది వేఱు సంగతి.

దసరాకు మా యాడుబిడ్డలు వచ్చినపుడు చిన్నవాని ఫోను కథ చెప్పుమని యడిగిరి. చెప్పితిని. జ్వరము, తడిగుడ్డ, బిందె అయిన తరువాత, “ఇందులో మీ కెవ్వరికి చెప్పనిది యొకటి యున్నది. నేను విచారింపకయే పెద్దవానిని కొట్టితిని. తప్పు నాది” అని చెప్పితిని. నవ్వు లాగిపోయెను. పెద్దవాడు చెవు లెఱ్ఱబడగా లేచి పెరటిలోనికి పోయినాడు. వానికి మేలు చేసితినో, సిగ్గు చేసితినో తెలియలేదు.

ఇంత చేసినను వాడు మొఱపెట్టుకొనుట మాత్రము లేదు. అడిగిన చెప్పును, అడుగకున్న లేదు. బిడ్డచేత మొఱ మానిపించుట కెంతో కాలము పట్టదు. మఱల నేర్పుటకు నాకు మార్గము తోచలేదు. మార్గశిరమున నొకనాటి రాత్రి వాడు పరీక్షకై చదువుకొను పుస్తకము ముందు పెట్టుకొని, తలవంచి యేమో రుద్దుచుండెను. ఆ పరీక్షలో సగము మార్కులు బొమ్మలకే. నాలుగు బొమ్మలలో భిన్నమైనదేదో గుర్తింపవలెను. చిన్నవాడు వృత్తములకు, త్రికోణములకు, చతురస్రములకు నన్నిటికిని పెన్సిలుతో మీసములు దిద్దినాడు. ఒక్కదానిని విడువలేదు. పెద్దవాడు రబ్బరుతో ఒక్కొక్క మీసము చెఱిపివేయుచున్నాడు. “నాతో చెప్పలేదేమిరా?” యంటిని. “చెఱిపివేయుచున్నాను గదా అమ్మా” అనెను. నవ్వు వచ్చునట్టి బొమ్మలే. నాకు నవ్వు రాలేదు. ఆ రబ్బరు తీసికొని చిన్నవానిని పిలిచి, ప్రక్కన గూర్చుండబెట్టి, మిగిలిన మీసములు వానిచేతనే చెఱిపించితిని. వా డేడ్చుచు చెఱిపెను. పెద్దవాడు చూచి చూచి, “ఆ కాగితము చిరుగును, నేను చేయుదును లెమ్ము” అని మఱల తానే యందుకొనెను.

2025 జనవరి 18, శనివారము నాడు పరీక్ష జరిగెను. సంక్రాంతి ముగ్గు లింకను వాకిట చెఱగలేదు. తండ్రితోగూడ నిద్దఱు పిల్లలును పోయిరి. నేనును వత్తు నని చిన్నవాడు స్కూటరు విడువలేదు. రెండు గంటలసేపు గేటు బయట నిలుచుండి, “అన్నయ్య యెప్పుడు వచ్చును?” అని వాడు తండ్రి ప్రాణము తీసెనట.

వేసవి సెలవులకు ముందు ఫలితములు వచ్చెను. మా వాని సంఖ్య జాబితాలో లేదు. వాడు తండ్రి ఫోనులో రెండుమాఱులు వెదకి, ఫోను బల్లమీద పెట్టి, అఱుగుమీదికి పోయి కూర్చుండెను. చిన్నవాడు “మా అన్నయ్య పోడు! మా అన్నయ్య యెక్కడికిని పోడు!” అని వీథి కీ కొననుండి యా కొన వఱకు చాటి, పిన్నిగారి దూడ చెవిలో గూడ చెప్పి వచ్చెను. పోవునని తెలిసినపుడు నేనెంత దుఃఖించితినో, పో డని తెలిసినపు డంత సంతోషింపలేకపోతిని. వాడు కోరిన చిన్నతనము వానికి దొరకలేదు గదా యని నాకు తోచుచుండెను. ఆ రాత్రి వాని తలకు నూనె రాచితిని. మాటలాడలేదు.

అటు పిమ్మట నాలుగైదు దినములకు, మిట్టమధ్యాహ్నము నేను వడియములు వేయించుచుండగా పెరటిలోనుండి గావుకేక వినబడెను. “అమ్మా! అమ్మా! వీడు నా డబ్బా తాళము రాతితో పగులగొట్టినాడు! చూడు! నా నాణెము బావిలో వేసినాడు!” ఇరుగుపొఱుగువారు తలుపులు తీసిరి. మా యత్తగారు పడకమీదనుండి “ఏమిరా ఆ యఱపులు?” అని లేచిరి. చిన్నవాని చొక్కా పట్టుకొని యీడ్చుకొనుచు, కన్నులనుండి నీరు కాఱుచుండగా, ముక్కు లదరుచుండగా పెద్దవాడు వంటయింటి గుమ్మములోనికి వచ్చినాడు. అంత గొంతు వానికున్న దని నేను మఱచిపోయి యుంటిని.

పొయ్యి కట్టివేసితిని. చేయి కడుగుకొని పీట వాల్చి కూర్చుంటిని. చిన్నవాడు సొట్టబుగ్గతో నోరు తెఱవబోయెను, వాని నాగుమని చేత సైగచేసి, “నీవు చెప్పు నాయనా. మొదటినుండి చెప్పు” అంటిని.

వాడు ముక్కు తుడుచుకొని, తాళము మాట యట్లుంచి, కాలువలో పోయిన చెప్పు దగ్గఱనుండి మొదలుపెట్టెను.